రెండో పలక

"రెండో పలక ఏదండీ?" అని అడిగింది నూకరత్నం.

మామూలుగానే అడిగింది. అయితే ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి ఎంత మామూలుగా అడిగినా, ఎదుటివాళ్ళకి హోంవర్కు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టే ఉంటుంది. డాక్టర్ భాస్కరం కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు.

ఆయన ముందు బల్ల మీద అరచేతి వెడల్పున ఒక గాజు పలక ఉంది. కింద దీపం, పైన భూతద్దం. పలక లోపల వెంట్రుకకన్నా సన్నని గొట్టాలు గులాబి రంగులో తమలపాకు ఈనెల్లా అల్లుకుని ఉన్నాయి. అవి రత్నం పక్కన కూర్చున్న హేమలత రక్తనాళాలు. ఒంట్లోంచి తీసినవి కావు. ఆమె దగ్గర చెంచాడు రక్తం తీసుకుని, అందులో కణాలు ఏరి, గాజులో నారు పోసినట్టు పోసి పెంచినవి. మనిషి ఒంట్లో పదేళ్ళలో జరిగేది ఆ పలకలో పది రోజుల్లో జరిగిపోతుంది. ఏ మందు ఎవరికి పడుతుందో, ఎవరికి బెడిసికొడుతుందో మింగకముందే కళ్ళతో చూసుకోవచ్చు. యంత్రం పేరు ముందుచూపు. విశాఖపట్నం శివారులో కొండ మీదున్న ఈ పరిశోధనాసంస్థే దాని పుట్టిల్లు.

రత్నం ప్రశ్నకి ముందు డాక్టర్ భాస్కరం చెప్పింది ఇదీ. హేమలత అడిగిన ఈస్ట్రోజెన్ మందు ఈ పలకలో పోశారు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి నల్ల చుక్కలు పడ్డాయి. అంటే రక్తం గడ్డ కడుతోంది. కాల్లో కడితే వాపు, ఊపిరితిత్తుల్లోకి పాకితే ప్రాణానికే ముప్పు. మనిషికి అరవై రెండేళ్ళు, పైగా బీపీ, ఏళ్ళ తరబడి కాల్చిన సిగరెట్లు. కాబట్టి మందు ఇవ్వాలో వద్దో తేల్చే ఇక్కడి కమిటీ ఒప్పుకోలేదు.

"మీ మంచి కోసమే చెబుతున్నాం సార్," అని ముగించాడు.

ముదురాకుపచ్చ చీర కట్టుకుని, నెరిసిన జుట్టుని చిన్న ముడి వేసుకుని, చెవులకి దుద్దులు పెట్టుకుని వచ్చిన మనిషిని పట్టుకుని సార్ అన్నాడు. హేమలత చీర కొంగు సర్దుకుంది. ఆమెకి అలవాటైపోయింది. ఒళ్ళు మండింది రత్నానికి.

"తొమ్మిదేళ్ళ కిందట నేనూ ఈ గదిలోకే వచ్చాను," అంది రత్నం. "ముట్లుడిగి, ఒళ్ళంతా వేడి ఆవిర్లు, రాత్రిళ్ళు నిద్ర లేదు. మీరే చూశారు. నాకు రెండు పలకలు వేశారు. ఒకటి మందు పలక, ఒకటి ఉత్త పలక. మందేస్తే ఏమవుద్దో ఒకదాంట్లో, వెయ్యకపోతే ఏమవుద్దో రెండోదాంట్లో. రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. నా మందు పలకలోనూ చుక్కలు పడ్డాయి. గుర్తుందా మీకు?"

"ఉండే ఉంటాయి."

"ఉన్నాయి. చుక్కలున్నాయి కాదనను, కానీ మందు లేకపోతే మీరు పడే బాధ చూడండి, అదీ లెక్కలోకి రావాలి కదమ్మా అన్నారు. ఇదే మందు. ఇదే బిళ్ళ. ఆరేళ్ళు మింగాను. మరి ఈవిడకి రెండో పలక ఏదీ?"

భాస్కరం భూతద్దం కొంచెం పక్కకి జరిపాడు. "మీది చికిత్స అమ్మా. ఇది ఐచ్ఛికం. అంటే, ఇష్టపడి చేయించుకునేది. ఐచ్ఛికాలకి మా దగ్గర ఉత్త పలక వెయ్యరు. మందు ఇవ్వకపోతే వచ్చే నష్టం ఏమీ ఉండదు కదా."

చెడ్డవాడి మాట అయితే రత్నం అక్కడే కడిగేసి ఉండేది. ఆయన చెడ్డవాడు కాడు. నిజంగా అలాగే నమ్ముతున్నాడు. అంత చదువుకుని, అంత యంత్రం పెట్టుకుని, ఇవ్వకపోవడమన్నది కూడా మనిషికి ఏదో ఒకటి చేస్తుందని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు.

నష్టం ఏమీ ఉండదట. నలభై ఏళ్ళుగా ఆ నష్టం పక్కన పడుకున్నది రత్నం.

హేమలత విశాఖ పోర్టులో పైలట్‌గా చేసింది. సముద్రం మీదినుంచి వచ్చిన ఓడకి చిన్న లాంచీలో ఎదురెళ్ళి, పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన పట్టుకుని పైకెక్కి, కెప్టెన్ పక్కన నిలబడి దారి చెబుతూ దాన్ని రేవులోకి తెచ్చే ఉద్యోగం. అప్పట్లో ఆమె తెల్ల యూనిఫారం వేసుకునేది, మీసం ఉండేది, వేరే పేరుండేది. ఆ పేరు ఈ కథకి అక్కర్లేదు. ఆమే విడిచేసినదాన్ని మనం పట్టుకుని వేలాడడం ఎందుకు.

రిటైరైన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, ఇద్దరూ గోంగూర ఒలుస్తూ కూర్చున్నప్పుడు చెప్పింది.

"రత్నం, నేను మగవాణ్ణి కాను. ఎప్పుడూ కాను."

రత్నం ఆకులు ఒలుస్తూనే ఉంది. మాట తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ ఒక్కొక్కటే ఎత్తి పడేసింది. ఆ తరవాత నెలరోజులు వండింది, వడ్డించింది, మాట్లాడలేదు. ఆమె కోపం ఆడదనిపించుకోవాలనుకున్నందుకు కాదు. నలభై ఏళ్ళు తనతో కాపురం చేసి చెప్పనందుకు.

"నాతో అబద్ధమాడతారేటి ఇన్నాళ్ళూ?" అని చివరికి నోరు విప్పింది.

"నాతో నేనే ఆడుకున్నాను. అందులో నువ్వు ఇరుక్కుపోయావు. నిన్ను మోసం చెయ్యాలని కాదు రత్నం."

"పోనీ చిన్నప్పుడు చెప్పి ఏడవాల్సింది. అరవయ్యేళ్ళొచ్చాక ఏటీ తొందర?"

హేమలత చెప్పింది. "నేను పోయిన రోజున నలుగురూ వచ్చి నాకు పంచె కట్టి తీసికెళ్ళిపోతారు. అప్పుడు లేచి కాదని చెప్పలేను కదా. ఈలోపల కొన్నాళ్ళయినా నేనుగా ఉండి పోవాలి."

ఆ తరవాత చాలా విషయాలు వాటంతటవే అర్థమయ్యాయి. అర్ధరాత్రి లేచి బాల్కనీలో సిగరెట్ మీద సిగరెట్ కాల్చడం. ఫొటోలకి నిలబడనంటే నిలబడననడం. బీపీకి మందులు మారుస్తూ పోవడం తప్ప తగ్గకపోవడం. ఒకసారి తుఫాను ముందు గాలిలో నిచ్చెన ఎక్కుతూ చేతులు వదిలెయ్యాలనిపించిందని కూడా హేమలత చెప్పింది. అప్పటికి కూతురు ఇంటర్ చదువుతోందట. రత్నానికి ఆ రోజు గుర్తుంది. వేడివేడిగా ఉప్మా పెడితే తినకుండా కంచం ముందు కూర్చుండిపోయిన రోజు.

పిలవడం ఒక్కటే చిక్కయింది. హేమా అని రత్నం నోరు తిరగలేదు. చివరికి పెళ్ళయిన్నాటినుంచి పిలుస్తున్న ఏవండీనే కొనసాగించింది. బస్సులో పక్క సీటు ఆవిణ్ణి పిలిచినా అదే కదా అనుకుంది. కాకినాడలో ఉన్న కూతురు మొదట ఏడ్చి, తరవాత అలిగి, ఆ తరవాత ఫోన్లో నాన్నా అనే పిలుస్తూ ఏ చీర కట్టుకున్నావని అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో సర్దుకోవాల్సినవాళ్ళు సర్దుకున్నారు. సర్దుకోనిది కొండమీది కమిటీయే.

రత్నం ఊరుకోలేదు. అప్పీలు రాసింది. సిగరెట్లు మానాలని జవాబొచ్చింది. హేమలత మానేసింది. బరువు తగ్గాలన్నారు. పొద్దున్నే బీచ్ రోడ్డు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి తగ్గింది. మానసిక వైద్యుడి అభిప్రాయం కావాలన్నారు. ఇద్దరు వైద్యులు, ఈమె ఆలోచన స్థిరంగా ఉంది, మందు ఇవ్వడం మేలు అని రాసిచ్చారు. అన్నీ పట్టుకుని వెళితే ఏడాది ఆగి రమ్మన్నారు. ఏడాది ఆగి వెళ్ళారు.

"వయసు ఇంకో ఏడాది పెరిగింది కదమ్మా," అన్నాడు భాస్కరం విచారంగా. "రిస్కు ఇంకా ఎక్కువవుతుంది."

ఆగమన్నదీ వాళ్ళే, ఆగినందుకు తప్పు పట్టిందీ వాళ్ళే. రత్నం ఆయన మొహం మీదే నవ్వింది. నవ్వకపోతే పేపర్ వెయిట్ తీసి విసిరి ఉండేది.

తిరిగి వస్తుంటే ఆటోలో హేమలత ఒక్క మాటే అంది. "ఇంక ఆ కొండ ఎక్కొద్దు రత్నం."

ఆ తరవాత ఇల్లు నెమ్మదించింది. వేసవి వెళ్ళేసరికి హేమలత మొహంలో ఏదో తేడా వచ్చింది. రాత్రిళ్ళు నిద్రపోతోంది. స్నానాల గదిలో కూనిరాగాలు తీస్తోంది. బాల్కనీలో కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతుంటే రత్నం తలుపు దగ్గర నిలబడి చూసేది. ఎలాగోలా మనసు సమాధానపడిందనుకుంది. పోనీలే, ఆ మహానుభావుల అవసరం లేకుండానే అనుకుంది.

ఒకరోజు పొద్దున్న హేమలత మెట్లు దిగుతూ సగంలో కూర్చుండిపోయింది. ఎడమ పిక్క పనసకాయలా వాచిపోయి ఉంది. ఎర్రగా, ముట్టుకుంటే కాలుతోంది. ఊపిరి అందడం లేదంది. అంబులెన్సు వచ్చేలోపు రత్నం ఆసుపత్రికి చీరలు సర్దుదామని ఆమె అలమరా తీసింది. చీరల వెనక మాత్రల అట్టలు కనిపించాయి. ఖాళీవి కొన్ని, నిండువి కొన్ని. పేరు చదవనక్కర్లేదు. ఆరేళ్ళు తను మింగిన బిళ్ళలే అవి.

మందుల షాపువాడికి రత్నం పాత చీటీ చూపించి కొనుక్కుంది హేమలత. అమ్మగారికేనా అని వాడు అడిగాడు. అవునంది. అంతే, ఇంకో ప్రశ్న లేదు. పోగొట్టుకున్న ఏళ్ళని అందుకోవాలని రత్నం వేసుకున్నదానికి రెట్టింపు వేసుకుంది. రక్తం పరీక్ష లేదు, చూసి చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సినవాళ్ళు నీకు అక్కర్లేదని తలుపు వేసుకున్నారు మరి.

దగ్గర్లో అన్ని పరికరాలున్నది సంస్థకి చెందిన ఆసుపత్రే. మళ్ళీ ఆ కొండే ఎక్కాల్సి వచ్చింది. కాల్లో పెద్ద గడ్డ. దాని ముక్క ఒకటి ఊపిరితిత్తిలోకి వెళ్ళింది. రక్తం పలచబడే ఇంజెక్షన్లతో, ఆక్సిజన్‌తో మనిషి దక్కింది. కాలు మాత్రం పూర్తిగా పూర్వంలా అవదని, వాపు, బరువు ఉండిపోతాయని చెప్పారు.

హేమలత కళ్ళు మూసుకుని పడుకుని ఉండగా ఒక యువ డాక్టరు ముగ్గురు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"ఈ కేసు ముందుచూపు ముందే పట్టేసింది," అన్నాడు వాళ్ళతో. "గడ్డ కడుతుందని రిపోర్టు ఇచ్చింది. అక్షరాలా అదే జరిగింది. సరైన జోస్యాల్లో దీన్నీ చేర్చారు."

మంచం అవతల కుర్చీలో కూర్చున్న రత్నం నెమ్మదిగా లేచింది.

"ఏటి చేర్చారు బాబూ?"

"మీరు... పేషెంటు తాలూకా?"

"ఏమని చేర్చారో చెప్పు. డాక్టరు చూస్తూ ఇస్తే ఎనిమిదో ఏట గడ్డ కడుతుందని కదా చెప్పింది మీ యంత్రం? ఇది ఎనిమిదో వారంలో కట్టింది. మీరు ఇవ్వనందుకు కట్టింది. మీరు తలుపు మూస్తే గోడ దూకి కాలు విరగ్గొట్టుకుంది ఈవిడ. గోడ దూకితే కాలు విరుగుద్దని ముందే చెప్పాం అని చప్పట్లు కొట్టుకుంటున్నారేటి?"

విద్యార్థులు నేల చూపులు చూశారు. యువ డాక్టరు తరవాత వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. రాలేదు. ఆ మాట మాత్రం ఎక్కడికి చేరాలో అక్కడికి చేరినట్టుంది. మర్నాడు ఒక నలభై ఏళ్ళ మనిషి, నూలు చీర మీద తెల్లకోటు వేసుకుని, గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. ఆ మొహాన్ని రత్నం కింద హాల్లో పెద్ద ఫొటోలో చూసింది. ముందుచూపుని తయారుచేసిన డాక్టర్ వకుళ.

"మీరన్నది విన్నాను," అంది వకుళ.

"విని?"

"మీ కేసు తీసి చూశాను. పలక వేసింది బిళ్ళల లెక్కతోనే. బిళ్ళ మింగితే కాలేయం గుండా వెళుతుంది, గడ్డల భయం ఎక్కువ. చర్మానికి అంటించే పట్టీ అయితే ఆ భయం తక్కువ. ఈ వయసువాళ్ళకి అదే చూడాల్సింది. మా స్టోర్స్‌లో బిళ్ళలే ఉంటాయని బిళ్ళలతోనే చూసేశారు. ఇక ఉత్త పలక అసలు వెయ్యలేదు."

"ఐచ్ఛికం అట."

"ఆ నియమం నేను రాసింది కాదు. కానీ రాస్తున్నప్పుడు ఢిల్లీలో గ్రాంటు మీటింగుల్లో ఉన్నాను. చదవకుండా సంతకం పెట్టాను." వకుళ గొంతు తగ్గింది. "మా తమ్ముడికి ఒక ఇంజెక్షన్ పడక పోయాడండి. ఎవరికి ఏది ఎలా ఇస్తే పడుతుందో తెలియాలని ఈ యంత్రం చేశాను. కాదనడానికి సాకుగా వాడుకుంటారని అనుకోలేదు."

"అనుకోవాల్సింది," అంది రత్నం. ఆమెకి జాలి వేసింది. వేసినా మాట మార్చలేదు.

"ఇప్పుడు మూడు పలకలూ వేస్తాను. బిళ్ళ, పట్టీ, ఉత్త. కమిటీని అడగను. కొంచెం రక్తం కావాలి."

"నన్నడుగుతారేటి? ఆవిణ్ణి అడగండి."

హేమలత కళ్ళు తెరిచే ఉంది. దుప్పటి కిందినుంచి చెయ్యి బయటికి చాపింది. "తీసుకోండమ్మా. కాకపోతే ఈసారి నా ఎదురుగా చెయ్యండి. నా ఒళ్ళు నేను చూడకుండా మీరంతా చూసి తీర్పు చెప్పడం బాగులేదు."

అలా ఒక చక్రాల కుర్చీ రోజూ ప్రయోగశాలకి వెళ్ళింది. చల్లటి గది, సన్నగా ఒకటే రొద. ఇంట్లోనైతే ఆ వేళకి రత్నం చేపల పులుసుకి చింతపండు నానబెట్టేది. ఇక్కడ స్టీలు డబ్బాలో ఇడ్లీలు ఒళ్ళో పెట్టుకుని, తన మనిషి నాళాలు గాజులో పెరుగుతుంటే చూస్తూ కూర్చుంది.

"ఉత్త పలకంటే లోపల ఏమీ ఉండదేమో అనుకున్నాను," అంది హేమలత.

"మందు మాత్రమే ఉండదు," అంది వకుళ భూతద్దం సరిచేస్తూ. "మీ రక్తంలో ఉన్నవన్నీ ఉంటాయి. బెంగ పడే మనిషి ఒళ్ళు కొన్ని రసాయనాలు వదులుతుంది. మీకు గడ్డ కట్టకముందు, బిళ్ళలు మొదలెట్టకముందు మా దగ్గర దాచిన రక్తం ఉంది. అందులో అవి ఎంతున్నాయో అంతే ఇందులో పోశాను. మీరు ఇన్నాళ్ళూ బతికిన బతుకే ఇది. మరో పదేళ్ళు అలాగే బతికితే ఏమవుతుందో చూపిస్తుంది."

హేమలత ముందుకు వంగి చూసింది. మొదట్లో మూడు పలకలూ ఒక్కలాగే కళకళలాడాయి. తరవాత ఉత్త పలకలో గొట్టాలు గట్టిపడి సన్నబడడం మొదలైంది. ఏ మందూ లేదు. ఒక్క బిళ్ళ ముక్క పడలేదు. ఊరికే వదిలేసిన ఆ పలకలో నల్లచుక్కలు పడ్డాయి. రత్నం ఇడ్లీ డబ్బా మూత పెట్టేసింది.

"నేనేమీ చెయ్యకుండా ఉంటే ఇదన్నమాట," అంది హేమలత.

"అవునండి."

"సిగరెట్లు కాల్చింది కూడా ఇందులో ఉందా?"

"ఉంది. మీరెందుకు కాల్చారో చెప్పలేదు గానీ, కాల్చింది ఉంది."

ఆఖరు రోజుకి లెక్క తేలింది. బిళ్ళల పలక అన్నిటికన్నా చెడ్డగా ఉంది. రక్తం పలచబడే మందు తోడుంటే పట్టీ పలకా, ఉత్త పలకా ఇంచుమించు ఒక్కలా ఉన్నాయి. వకుళ దాచకుండా చెప్పింది. ఒకసారి గడ్డ కట్టిన ఒంటికి ఇది పూర్తిగా భద్రం అని తను చెప్పలేనంది. నెలనెలా పరీక్షలు ఉండాలంది, కాలు వాచినా ఆయాసం వచ్చినా క్షణం ఆగకూడదంది. హేమలత అన్నీ విని తలూపింది. హేమలతకి ఇలా కూర్చోబెట్టి చెప్పినవాళ్ళలో వకుళే మొదలని రత్నానికి తెలుసు.

కమిటీ సమావేశానికి ముగ్గురూ వెళ్ళారు. పొడుగాటి బల్ల, అవతల భాస్కరం, ఆయనకి అటూ ఇటూ నలుగురు. మూడు పలకలూ మధ్యలో దీపం మీద పెట్టారు. ఒక్కొక్కరే వంగి చూశారు. ఉత్త పలక దగ్గర అందరూ కొంచెం ఎక్కువసేపే వంగారు. అటువంటిదొకటి ఉంటుందని ఇన్నాళ్ళూ వాళ్ళకి తట్టనేలేదు.

భాస్కరం వెనక్కి వాలి గొంతు సవరించుకున్నాడు. "అంటే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రమాదం ఒకటే. ఒకటే అయినప్పుడు మందు ఎందుకన్నది నా ప్రశ్న."

రత్నం బల్ల అంచు పట్టుకుంది. ప్రమాదం ఎక్కువ కాబట్టి ఇవ్వం అన్నారు. ఇప్పుడు సమానం కాబట్టి ఇవ్వం అంటున్నారు. తక్కువైతే ఇంకోటి వెతుక్కుంటారు. వీళ్ళకి కావాల్సింది లెక్క కాదు, కాదనడం. లేవబోయింది. హేమలత ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"డాక్టరు గారూ, నేను పోర్టులో పైలట్‌ని," అంది హేమలత. గొంతు పెంచలేదు. "సముద్రం బాగులేని రోజున ఓడ లోపలికొస్తే ఒక ప్రమాదం, బయటుంటే ఒక ప్రమాదం. రెండూ ఒకటే అయితే, సరే నీ ఖర్మ, బయటే ఉండు అని ఎప్పుడూ చెప్పలేదు. ఎక్కి కెప్టెన్‌ని అడిగేవాణ్ణి..." ఆగి సరిచేసుకుంది. "అడిగేదాన్ని. ఓడ ఆయనది. నా నాళాలు ఎన్నాళ్ళు పనిచేస్తాయో మీరు లెక్క కట్టారు. మంచిది. ఆ నాళ్ళు ఎవరిగా బతకాలో మిమ్మల్ని లెక్క కట్టమనలేదు."

వకుళ తన కుర్చీ హేమలత పక్కకి జరుపుకుంది. బల్లకి అవతల కూర్చోవాల్సిన మనిషి ఇవతలికి వచ్చి కూర్చోవడం అందరూ చూశారు. భాస్కరం పక్కనున్న పెద్దావిడ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఇంకొకాయన తలాడించాడు. కాసేపు గుసగుసలయ్యాక భాస్కరం ఒక కాయితం మీద రాసి, పైకి చదివాడు.

"పేషెంటు వయసూ, ఆవేదనా దృష్టిలో పెట్టుకుని, మానవతా దృక్పథంతో, ప్రత్యేక మినహాయింపుగా పట్టీ రూపంలో ఈస్ట్రోజెన్ చికిత్సకి దయతో అనుమతించడమైనది." కాయితం హేమలత వైపు తిప్పాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం."

మేడం అన్నాడు. రత్నం ఊపిరి పీల్చుకుంది. పెన్ను తీసి హేమలత చేతిలో పెట్టింది. హేమలత కాయితం చదువుకుని, పెన్ను దాని పక్కన పెట్టేసింది.

"రత్నానికి ఇదే మందు ఇచ్చినప్పుడు దయతో అని రాశారా?"

భాస్కరానికి అర్థం కాలేదు. "అదెందుకు రాస్తాం? అది మామూలు వైద్యం."

"అయితే నాకూ దయ వద్దు. మినహాయింపు వద్దు. నా వెనకాల ఇంకొకరు ఈ కొండ ఎక్కుతారు. నాకిచ్చిన మినహాయింపు వాళ్ళకి పనికిరాదు. మళ్ళీ మొదటినుంచి మీ దయ కోసం కూర్చోవాలి. రెండో పలక అందరికీ వేస్తామని రాయండి. నాకు వైద్యం చేస్తున్నామని రాయండి."

రత్నం పెన్ను మళ్ళీ ఆమె వైపు తోసింది. నోటిదాకా వచ్చింది పోతోంది. "ఏవండీ, పెట్టీండి సంతకం," అంది చెవి దగ్గర. "వీళ్ళ మనసు మళ్ళీ మారితే ఏటి చేస్తాం? రాతలతో మనకేటి?"

"చచ్చేదాకా ఎవరి దయో తింటూ బతకలేను రత్నం. ఇన్నాళ్ళూ బతికింది అదే."

రత్నం వెనక్కి జరిగింది. తను మందు మింగిన ఆరేళ్ళలో ఎవరి దయా అక్కర్లేకపోయిందని ఆమెకి అప్పుడే తట్టింది. చీటీ రాసిచ్చారు, కొనుక్కుంది, మింగింది. అంత మామూలు విషయం కోసం ఈవిడ ప్రాణం మీదికి తెచ్చుకోవాల్సి వచ్చింది. రత్నం కుర్చీలో నిటారుగా కూర్చుని, పరీక్ష హాల్లో కాపీ కొట్టినవాళ్ళు తమంతట తాము లేచేదాకా చూసినట్టు బల్ల అవతలివాళ్ళని చూస్తూ ఉండిపోయింది.

భాస్కరం కిటికీలోంచి బయటికి చూశాడు. వకుళ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. చివరికి ఆయన కాయితం వెనక్కి లాక్కుని, మినహాయింపు కొట్టేశాడు. దృక్పథం కొట్టేశాడు. దయ దగ్గర పెన్ను కాసేపు ఆగి, అదీ కొట్టేశాడు. కింద ఒక వాక్యం కొత్తగా రాశాడు, ఇకమీదట ఏ పేరుతో వచ్చిన దరఖాస్తుకైనా ఉత్త పలక వెయ్యాలని. అటూ ఇటూ ఉన్నవాళ్ళు సంతకాలు పెట్టారు. హేమలత కూడా పెట్టింది. నిండుగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, కొత్త పేరు.

భాస్కరం పెన్ను మూత పెట్టి, గండం గడిచినవాడిలా నవ్వాడు. "సంతోషమేనా అమ్మా?" అని రత్నాన్ని అడిగాడు.

పోనీలే అనుకుని లేవబోయిన రత్నం మళ్ళీ కూర్చుంది. ఏడాది ఆగమని, ఆగినందుకు తప్పుపట్టి, చావు అంచుదాకా తోసి, దాన్ని తమ గెలుపుల్లో కలుపుకుని, ఇప్పుడు సంతోషమేనా అంటున్నాడు.

"ఆవిడ కాలు చూడండి డాక్టరు గారూ," అంది.

హేమలత చీర కుచ్చిళ్ళ కింద ఎడమ పాదం చెప్పులో పట్టక, పట్టీలు వదులు చేసినా పట్టక, సగం బయటికే ఉంది. భాస్కరం కాయితాలు సర్దుకుంటూ, "అవునవును, ఫిజియోథెరపీకి రాస్తాను," అన్నాడు.

"రాయమనలేదు," అంది రత్నం. "చూడమన్నాను."

గదిలో కాయితాల చప్పుడు ఆగిపోయింది. ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మోకాళ్ళ మీద వంగి చూశాడు.